నేరం బెంగది కాదు

మా మేనమామకు బుగ్గ లోపల క్యాన్సర్ అని తేలిన వారంలోగానే ఊళ్లో దానికి కారణం కూడా తేలిపోయింది. కొడుకు డాలస్ వెళ్లి ఆరేళ్లయింది. రెండేళ్లుగా ఇటు తొంగి చూడలేదు. ఆ బెంగతోనే మనిషికి రోగం పట్టింది. బత్తాయిలు తీసుకుని పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఈ తీర్పు చెప్పి, వెళ్లేముందు గుమ్మంలో నిలబడి మరో మాట కలిపేవారు: "ధైర్యంగా ఉండాలండీ, సగం రోగం ధైర్యంతోనే పోతుంది." మామయ్య తల ఊపేవారు. ఆయన చొక్కా జేబులో ఖైనీ పొట్లం, సున్నం డబ్బా అప్పటికింకా అలాగే ఉన్నాయి.

తెలుగులో దిగులు వేరు, బెంగ వేరు. దిగులుకు కారణం ఉండవచ్చు, లేకపోవచ్చు. వాన పడకపోయినా దిగులే, ఊరికే పొద్దు వాలినా దిగులే. బెంగ అలా కాదు, అది ఎవరో ఒకరి మీద పెట్టుకునేది. హాస్టల్లో చేర్చిన పిల్లవాడు అమ్మ మీద పెట్టుకుంటాడు, కొత్త కోడలు పుట్టింటి మీద పెట్టుకుంటుంది. కాబట్టి రోగానికి బెంగ కారణం అన్నామంటే ముద్దాయి పేరు కూడా అందులోనే చెప్పేసినట్టు. మా ఇంట్లో ఆ ముద్దాయి మా బావ. అక్కడ అర్ధరాత్రి దాటాక వీడియో కాల్ చేసి "నా వల్లే కదూ?" అని అడిగేవాడు. కాదు అనడం తేలిక. ఎందుకు కాదో చెప్పాలంటే మాత్రం నాకు చదవక తప్పలేదు. నేను డాక్టరును కాను, జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను.

చదివేకొద్దీ ఒక ఇబ్బంది ఎదురైంది. నాడీ వ్యవస్థకూ క్యాన్సర్‌కూ సంబంధమే లేదని కొట్టిపారేద్దామనుకుని మొదలుపెట్టాను, ఆ మాట అనడానికి వీలులేకపోయింది. సంబంధం ఉంది, చాలా ఉంది. అయితే అది ఊరివాళ్లు చెప్పిన సంబంధం కాదు, దాదాపు దానికి తలకిందులైనది.

ఆపరేషన్ తరవాత వచ్చిన పాథాలజీ రిపోర్టులో గడ్డ కొలతలు, మెడలో తీసిన లింఫు గ్రంథుల లెక్క తరవాత ఒక వరుస ఉంది: పెరిన్యూరల్ ఇన్వేజన్, ప్రెజెంట్. క్యాన్సర్ కణాలు నరం చుట్టూ ఉండే పొరలోకి చొరబడ్డాయని దాని అర్థం. అలా చొరబడితే రోగం తిరగబెట్టే అవకాశం ఎక్కువ, అందుకని రేడియేషన్ కూడా కావాలన్నారు. ఆ వరుస చదివాక నాకు మామయ్య చెవి నొప్పి గుర్తొచ్చింది. రోగం బయటపడడానికి ముందు నాలుగు నెలల పాటు ఆయనకు ఎడమ చెవిలో పోటు. చుక్కలు వేశారు, మాత్రలు ఇచ్చారు, చెవిలో చూస్తే ఏమీ లేదన్నారు. నోరు తెరవమని ఎవరూ అడగలేదు. బుగ్గ లోపలి నుంచి, కింది చిగురు నుంచి, చెవి ముందు నుంచి వచ్చే నరాలు ఒకే పెద్ద నరానికి కొమ్మలు. కబురు ఏ వీధిలోంచి వచ్చిందో మెదడుకు తెలుస్తుంది గాని, ఏ ఇంట్లోంచి వచ్చిందో ఒక్కోసారి పొరబడుతుంది. నోట్లో పుండైతే చెవిలో పోటు వస్తుంది. "రాత్రిళ్లు వాడి గురించే ఆలోచిస్తూ పడుకోరు, అందుకే ఆ పోటు" అనేది అత్తయ్య. నరం పంపిన కబురును కూడా మేము బెంగ ఖాతాలోనే రాసుకున్నాం.

క్యాన్సర్ నరాల వెంట పాకుతుందని పాథాలజిస్టులకు 19వ శతాబ్దం నుంచే తెలుసు. కాలవ గట్టు వెంట బాట ఉన్నట్టు, నరం ఒక దారి మాత్రమే అనుకున్నారు. నరం దారి మాత్రమే కాదు, గడ్డకు పని కూడా చేసిపెడుతోందని గట్టిగా చూపించినవాటిలో ఒకటి 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో పాల్ ఫ్రెనెట్ బృందం ఎలుకల ప్రోస్టేట్‌కు వెళ్లే, ఒంటిని అప్రమత్తం చేసే సింపథెటిక్ నాడులను తొలగించి చూసింది. మొదటి దశలోనే గడ్డ ఎదుగుదల కుంటుపడింది. రెండో రకమైన, ఒంటిని విశ్రాంతిలో ఉంచే పారాసింపథెటిక్ నాడుల సంకేతాలను అడ్డుకుంటే రోగం ఇతర భాగాలకు పాకడం తగ్గింది. మనుషుల నుంచి తీసిన గడ్డల్లోనూ, నరాలు దట్టంగా ఉన్నచోట రోగం మరింత దూకుడుగా ఉంది.

మా మామయ్య రోగానికి మరింత దగ్గరి సంగతి 2020లో 'నేచర్'లో వచ్చింది. తల, మెడ క్యాన్సర్ల మీద హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ చేసిన పని అది. మన కణాల్లో పి53 అనే జన్యువు ఉంటుంది. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని విభజన కాకుండా ఆపే కాపలాదారు. పొగాకు దెబ్బతీసే జన్యువుల్లో ఇది ముఖ్యమైనది. పి53 పోయిన క్యాన్సర్ కణాలు చుట్టుపక్కలకు వదిలే సూక్ష్మమైన బుడగల్లో, మామూలుగా ఉండవలసిన ఒక చిన్న ఆర్ఎన్ఏ ముక్క లోపిస్తుంది. ఆ లోపం వల్ల పక్కనున్న నరాలు కొత్త కొమ్మలు వేసి గడ్డ వైపు పెరుగుతాయి. అంతటితో ఆగవు. నొప్పిని, స్పర్శను మోయవలసిన నరాలు తమ స్వభావాన్నే మార్చుకుని, అడ్రినలిన్ కుటుంబానికి చెందిన రసాయనాలతో పనిచేసే నరాల్లా తయారవుతాయి. ఎలుకల్లో ఆ స్పర్శ నరాలను ముందే తీసేసినా, కణాల మీద అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహకాలను మూసే మందు ఇచ్చినా గడ్డ పెరుగుదల తగ్గింది.

ఇక్కడ ఎవరు ఎవరిని పిలిచారో చూడండి. తలలో పుట్టిన బెంగ నరం వెంట బుగ్గలోకి దిగి గడ్డ కట్టలేదు. పొగాకు తిన్న కణం చెడింది, చెడిన కణం నరాన్ని పిలిచింది, నరం వచ్చి దానికి ఊడిగం చేసింది. బావకు ఫోనులో నేను మొదట చెప్పింది ఇదే. కాసేపు మాట్లాడలేదు. తరవాత "ఖైనీ నేనే తెచ్చిపెట్టేవాణ్ని, ఏడో తరగతిలో ఉన్నప్పుడు, కొట్టుకు పంపిస్తే" అన్నాడు. నేరాన్ని వెతుక్కునే మనిషికి అది ఎక్కడైనా దొరుకుతుంది.

ఇందులో రోగనిరోధక వ్యవస్థ పాత్ర ఏమిటన్నది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన భాగం. మిరపకాయ కొరికితే మంట పుట్టించే గ్రాహకం ఒకటి నొప్పి నరాల మీద ఉంటుంది. దాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. గుంటూరు కారం తిని పెరిగిన మనకు ఆ నరాలతో పరిచయం చెయ్యనక్కరలేదు. 2022లో మాంట్రియల్ పరిశోధకులు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఈ నరాలు ఏం చేస్తున్నాయో చూశారు. గడ్డ విడుదల చేసే ఒక ప్రోటీను వాటిని రెచ్చగొడుతుంది. రెచ్చిపోయిన నరాలు సీజీఆర్పీ అనే పదార్థాన్ని వదులుతాయి. క్యాన్సర్ కణాలను చంపడానికి అక్కడికి వచ్చిన టి కణాల మీద ఆ పదార్థాన్ని అందుకునే గ్రాహకం ఉంది. అది తగలగానే టి కణాలు నీరసపడిపోతాయి. చావవు, పారిపోవు. రాత్రంతా కాపలా కాసి తెల్లవారుజామున గోడకు చేరగిలబడిన వాచ్‌మన్ లాగా, చోటులోనే ఉంటాయి గాని పని జరగదు. ఎలుకల్లో ఆ నరాలను తొలగిస్తే, లేదా సీజీఆర్పీ సంకేతాన్ని అడ్డుకుంటే, టి కణాలు మళ్లీ పనిలో పడ్డాయి, ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. ఇదే సీజీఆర్పీని అడ్డుకునే మందులు మైగ్రేన్ తలనొప్పికి ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. వాటిని క్యాన్సర్‌లో వాడవచ్చా అన్నది ఇప్పుడు పరిశోధకుల ముందున్న ప్రశ్న.

ఇదంతా చదువుతున్న రోజుల్లోనే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా పెదనాన్న ఒక వార్త పెట్టారు. ఒత్తిడికీ క్యాన్సర్‌కూ ముడి ఉందని శాస్త్రవేత్తలు తేల్చారట. కింద ఆయన వ్యాఖ్య: "మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. చితకూ చింతకూ సున్న ఒక్కటే తేడా. చిత చచ్చినవాణ్ని కాలుస్తుంది, చింత బతికున్నవాణ్ని కాలుస్తుంది." పద్దెనిమిది మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. బావ కూడా ఆ గ్రూపులో ఉన్నాడన్న స్పృహ ఒక్కరికీ లేదు.

పెదనాన్న పెట్టిన వార్త అబద్ధం కాదు. హ్యూస్టన్‌లోనే అనిల్ సూద్ బృందం 2006లో ఎలుకలను రోజూ కొంతసేపు కదలడానికి వీల్లేని ఇరుకులో బంధించి చూసింది. వాటిలో అండాశయ క్యాన్సర్ వేగంగా పెరిగింది, గడ్డలోకి రక్తనాళాలు ఎక్కువగా వచ్చాయి. గుండెదడకు, బీపీకి వాడే పాత మందు ప్రొప్రనలాల్ ఇస్తే ఆ పెరుగుదల ఆగింది. అంతకు ఎంతో ముందు, 1975లో, రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు తాగించి, వెంటనే సైక్లోఫాస్ఫమైడ్ ఇంజక్షన్ ఇచ్చారు. రోగనిరోధక శక్తిని అణిచే ఆ మందు ఇవాళ్టికీ రొమ్ము క్యాన్సర్ కీమోథెరపీలో వాడుతున్నదే. తరవాత మందు లేకుండా తియ్యటి నీళ్లు మాత్రమే ఇచ్చినా ఎలుకల్లో యాంటీబాడీలు తక్కువగా తయారయ్యాయి. మెదడు నేర్చుకున్న పాఠాన్ని రోగనిరోధక కణాలు ఆచరించాయి. ఇక మనసుకూ దేహానికీ మధ్య గోడ ఉందని నేనెలా అంటాను?

నా తగాదా ఆ ముడితో కాదు, దాన్ని మనం చదువుకునే తీరుతో. బఫలోలోని రాజ్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థలో ఎలిజబెత్ రిపాస్కీ బృందం 2013లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. ప్రయోగశాలల్లో ఎలుకలను 22 డిగ్రీల దగ్గర ఉంచుతారు, ఎందుకంటే కోటు వేసుకుని పనిచేసే మనుషులకు అది హాయి. ఎలుకకు హాయి 30 డిగ్రీలు. 22 డిగ్రీల గదిలో అది రోజంతా చలికి తట్టుకుంటూ ఉంటుంది, ఆ పని చేయించేది అడ్రినలిన్ కుటుంబానికే చెందిన నార్అడ్రినలిన్. వెచ్చటి గదికి మార్చిన ఎలుకల్లో గడ్డలు నెమ్మదిగా పెరిగాయి, వాటిలోకి టి కణాలు ఎక్కువగా చేరాయి. చలి గదిలోనే ఉంచి బీటా బ్లాకర్, అంటే ప్రొప్రనలాల్ లాగా అడ్రినలిన్ గ్రాహకాలను మూసే మందు ఇచ్చినా ఇలాంటి మేలే కనబడిందని అదే బృందం తరవాత చూపించింది.

ఆ ఎలుకలకు డాలస్‌లో కొడుకు లేడు. చలి వేసింది, అంతే.

శాస్త్రవేత్తలు 'స్ట్రెస్' అన్నప్పుడు చలి, నొప్పి, నిద్రలేమి, కత్తిగాటు, రక్తస్రావం అన్నీ అందులోకి వస్తాయి. వార్తాపత్రికలో అది 'ఒత్తిడి' అవుతుంది. మా పెదనాన్న దగ్గరికి వచ్చేసరికి చింత. పలకరించడానికి వచ్చినవారి నోట్లో బెంగ. ఒక్కో మెట్టు దిగేకొద్దీ రసాయనం తగ్గి మనిషి తప్పు పెరుగుతుంది.

మందు విషయమే తీసుకోండి. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు రొమ్ము క్యాన్సర్ ఉన్న 60 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఆపరేషన్‌కు ముందు వారం రోజులు ఒక జట్టుకు ప్రొప్రనలాల్, మరో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నిజం మాత్ర వేసుకున్నవారి గడ్డల్లో వ్యాప్తికి సంబంధించిన జన్యువుల చురుకుదనం తగ్గింది, రోగనిరోధక కణాలు లోపలికి ఎక్కువగా వచ్చాయి. ఇది చిన్న ప్రయోగం. ప్రాణాలు నిలుపుతుందని దీన్ని బట్టి చెప్పలేం, ఉబ్బసం ఉన్నవారికి ఆ మాత్ర ప్రమాదం కూడా, కాబట్టి ఎవరూ మందుల షాపుకు పరుగెత్తవద్దు. నేను చెప్పదలచింది వేరు. ఆ స్త్రీలను ఎవరూ ధైర్యంగా ఉండమనలేదు. భయపడుతున్న మనిషి భయపడుతూనే ఉండవచ్చు, మాత్ర వెళ్లి గ్రాహకం దగ్గర తలుపు మూస్తుంది. నరానికీ గడ్డకూ మధ్య ఉన్నది తీగ అయితే, మరమ్మతు తీగకే జరగాలి. దానికి రోగి గుణగణాలతో పని లేదు.

మరి ధైర్యాన్ని నేరుగా పరీక్షించినవారు లేరా? ఉన్నారు. 1989లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ స్పీగెల్, రొమ్ము క్యాన్సర్ ముదిరిన 86 మంది స్త్రీలతో చేసిన అధ్యయనాన్ని 'లాన్సెట్'లో ప్రచురించారు. వారం వారం కలిసి కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నవారు మిగతావారి కంటే సగటున రెట్టింపు కాలం బతికారు. ప్రపంచమంతా దాన్ని ఎత్తుకుంది. ఆ తరవాత 2001లో కెనడాలో 235 మందితో అదే పని పెద్ద ఎత్తున చేశారు. ఆయుష్షులో తేడా రాలేదు. స్పీగెల్ తానే మళ్లీ చేసి చూసుకున్నారు, 2007లో వచ్చిన ఫలితాల్లో ఆయనకూ మొత్తం మీద ఆ తేడా దొరకలేదు. తనకు పేరు తెచ్చిన ఫలితాన్ని తానే తిరిగి పరీక్షకు పెట్టి, రాలేదని ప్రకటించినందుకు ఆయన మీద నాకు గౌరవం. కెనడా అధ్యయనంలో ఇంకొకటి తేలింది: కలిసి మాట్లాడుకున్నవారికి బాధ తగ్గింది, నొప్పి కూడా తక్కువగా అనిపించింది. అది చిన్న విషయమా? ఆయుష్షు పెంచితేనే ఓదార్పుకు విలువ అనే లెక్క నాకు అర్థం కాదు.

తల, మెడ క్యాన్సర్ల విషయంలో మరింత సూటిగా చూశారు. జేమ్స్ కోయిన్ బృందం 1,093 మంది రోగుల మానసిక స్థితిని ముందే నమోదు చేసి తరవాత వారిని గమనించింది. ఉల్లాసంగా ఉన్నవారు ఎక్కువ కాలం బతకలేదు, కుంగినవారు త్వరగా పోలేదు. యూరప్‌లో లక్షా 16 వేల మందిని గమనిస్తే ఉద్యోగంలో ఒత్తిడికీ క్యాన్సర్ రావడానికీ సంబంధం కనబడలేదు. తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారు మందులు మానేస్తారు, రేడియేషన్ రోజులు తప్పుతారు, అన్నం తినరు. అది నిజమైన ప్రమాదం, దానికి చికిత్స ఉంది, చేయించాలి. "దిగులు పడకు" అనడం ఆ చికిత్స కాదు.

మామయ్య ఏడాదిన్నర బతికారు. దినం నాడు భోజనాల దగ్గర ఒకాయన అన్న మాట నా చెవిన పడింది: "ధైర్యం చాల్లేదండీ ఆయనకు." ముప్ఫై మూడు రోజులు రేడియేషన్ యంత్రం కింద పడుకుని, నోరంతా పూసి, గంజి మింగడానికి కూడా కన్నీళ్లు పెట్టుకుంటూ ఒక్క రోజు తప్పకుండా వెళ్లిన మనిషికి చివరికి దక్కిన కితాబు అది. ధైర్యంతో రోగం పోతుందని నమ్మితే, పోనివాడికి ధైర్యం లేదనే కదా అనవలసి వస్తుంది.

ఈ నమ్మకానికి డబ్బు పెట్టినవారు కూడా ఉన్నారని తెలిసినప్పుడు నాకు కోపం రెట్టింపైంది. ఒత్తిడి అన్న భావనను వైద్యంలోకి తెచ్చిన హాన్స్ సెల్యే పొగాకు కంపెనీల దగ్గర నిధులు తీసుకున్నారు. అమెరికాలో వ్యాజ్యాల వల్ల బయటపడ్డ ఆ కంపెనీల కాగితాల్లో ఆ సంగతి ఉంది. లండన్ మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐసెంక్ కూడా ఆ పరిశ్రమ డబ్బు తీసుకున్నవారే. క్యాన్సర్ రావడంలో సిగరెట్టు కంటే మనిషి స్వభావం పాత్రే ఎక్కువని వాదించారు. జర్మనీకి చెందిన ఒక సహచరుడితో కలిసి ఆయన రాసిన 26 పత్రాలను నమ్మదగినవి కావని కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ 2019లో తేల్చింది. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. రోగానికి కారణం మనసే అయితే పొట్లం అమ్మినవాడు నిర్దోషి. మా ఊళ్లో ఆ మాట ఉచితంగా ప్రచారమవుతోంది.

మా ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు ఉండేది, ఇప్పటికీ కొందరు ముసలమ్మల్లో ఉంది. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని 1950లలోనే మన డాక్టర్లు రాశారు. వాళ్లను చూసి కూడా ఊరు బెంగ అనే అని ఉంటుందని నా అనుమానం.

ఈమధ్య కొత్తగా మెదడు నుంచి గుండె, కడుపుల దాకా దిగే వేగస్ నాడి మీద మోజు మొదలైంది. గట్టిగా ఓంకారం చేస్తే వేగస్ చురుకై క్యాన్సర్ దరిచేరదని వీడియోలు. ఓంకారం చెయ్యండి, నాకు అభ్యంతరం లేదు. ఎలుకల్లో మాత్రం ఇదే వేగస్ కొమ్మలను కత్తిరిస్తే కడుపు క్యాన్సర్ తగ్గింది, క్లోమం విషయంలో కత్తిరిస్తే క్యాన్సర్ పెరిగింది. ఒకే నరం ఒక అవయవంలో గడ్డకు సాయం, మరొక దానిలో అడ్డం. మంచి నరం, చెడ్డ నరం అని ఉండవు.

ఇదంతా బావకు విడతలు విడతలుగా చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు పాథాలజీ రిపోర్టు అడిగి తీసుకుని, ఆ వరుసను ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

నేను మాత్రం పలకరింపులకు వెళ్లినప్పుడు ధైర్యం మాట ఎత్తడం మానేశాను. నొప్పి ఎక్కడ, ఎన్ని గంటలకు ఎక్కువవుతోంది, మాత్ర వేసుకున్నాక ఎంతసేపు ఆగుతోంది అని అడుగుతున్నాను. కిందటి నెలలో మా అపార్టుమెంటు వాచ్‌మన్ మెట్ల మీద కూర్చుని చెవి పట్టుకుని ఉన్నాడు. రెండు నెలలుగా పోటు అట, చుక్కలు వేసినా తగ్గలేదట. "కూతురి పెళ్లి కుదరడం లేదు కద సార్, ఆ బెంగతో తల పోటు, చెవి పోటు" అన్నాడు. కింది పెదవి వెనక ఖైనీ ఉంది. అది ఉమ్మేసి, పుక్కిలించి రమ్మన్నాను. ఫోనులో టార్చి వేసి, నోరు తెరవమన్నాను.